ఆట ఆగిపోయిన కుర్రాళ్ల సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకుల గారికి నమస్కారం.

రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచి, టీచర్ పోస్టుల మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 పోస్టులు ప్రకటించినప్పుడు నాలాంటి వ్యాయామ ఉపాధ్యాయులందరం సంబరపడ్డాం. కానీ కోటా అందేది చదువూ, సర్టిఫికెట్టూ రెండూ గట్టిగా ఉన్నవాళ్లకే. కావలి, కందుకూరు, కొండపి పల్లెల్లో కబడ్డీ ఆడే పిల్లల్లో ఇంటర్ దగ్గరే పుస్తకం మూసేసేవాళ్లు ఎందరో.

నా దగ్గర ఆడినవాడొకడు మంచి రైడర్, అంటే కూత పెడుతూ అవతలి కోర్టులోకి వెళ్లేవాడు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలతో మొదలుపెట్టి రాష్ట్ర జట్టు దాకా వెళ్లాడు. సీనియర్ పురుషుల్లో 85 కిలోలు దాటితే కోర్టులోకి రానివ్వరు కాబట్టి, పెళ్లి భోజనాల్లో కూడా స్వీటు ముట్టేవాడు కాదు. మోకాలి లిగమెంట్ తెగడంతో ఇరవయ్యారేళ్లకే ఆట అయిపోయింది. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. అదేం చిన్నతనం కాదు, ఇల్లు గడుస్తోంది. వాడి బాధ వేరు. సంక్రాంతి పోటీలప్పుడు గ్రౌండ్ వైపు కిరాయి వస్తే ఒప్పుకోడు. తెల్లవారుజామునే మెలకువ వస్తుందట, లేచి ఎక్కడికి పోవాలో తోచదట. చిన్నప్పటి నుంచి ఊళ్లో వాడికి కబడ్డీయే ఇంటిపేరు మరి.

ఇది డబ్బుల్లేనివాళ్ల గోడే అనుకోకండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో షూటింగ్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా కూడా, ఆ గెలుపు తర్వాత లోపలంతా వెలితిగా అనిపించిందని బాహాటంగా చెప్పారు. ఆయన చెబితే దేశం విన్నది. మావాడు చెబితే 'ఒళ్లు వంచి పని చేసుకోరా' అంటారు.

కేంద్రం 2024 ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం నాడు, రిటైరైన క్రీడాకారుల కోసం 'రీసెట్' అనే శిక్షణ పథకం మొదలుపెట్టింది. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ దాన్ని నడుపుతోంది. వయసు 20 నుంచి 50 మధ్య ఉండాలి. గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడిన రాష్ట్ర స్థాయి వాళ్లూ అర్హులే, ఇంటర్ పూర్తికాని వాళ్లకు వేరే కోర్సుంది. ఈ పేరు విన్న పాత ఆటగాడు నాకు ఇక్కడ ఒక్కడూ తగల్లేదు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనూ, ఒంగోలు స్టేడియంలోనూ ఒక బోర్డు పెట్టి, దరఖాస్తు నింపిపెట్టే మనిషిని కూర్చోబెడితే ఎంత ఖర్చవుతుంది?

జిల్లా క్రీడాధికారులకు ఇంకో మనవి. పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) లేని హైస్కూళ్లలో సాయంత్రం పూట గ్రౌండ్లు ఊరికే పడి ఉంటున్నాయి. ఈ పాత ఆటగాళ్లను గౌరవ వేతనం మీద అక్కడ పెట్టండి. బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) లేదని కొర్రీ వేయకండి. పద్నాలుగేళ్లలోపు పిల్లాడికి కబడ్డీలో అదనపు పాయింటు తెచ్చే బోనస్ లైన్ దాటి కాలు ఎలా వేయాలో చూపించడానికి డిగ్రీ అక్కర్లేదు. పిల్లల్ని ఎలా చూసుకోవాలో మాత్రం ముందుగా నాలుగు రోజులు తరగతులు పెట్టండి, అది తప్పనిసరి. ఇచ్చే వేతనం కొంచెమైనా నెలనెలా పడాలి. ఆర్నెల్లకోసారి బిల్లు పాసయ్యేట్టయితే, సాయంత్రం కిరాయిలు వదులుకుని ఎవడూ రాలేడు.

- ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా