గల్లగురిగిలో రూపాయి గుర్తు

హనుమకొండ

బిడ్డా,

ఇంటికి రంగులు వేయిస్తున్నాం. "ఆ పైసలు దాచుకునే గల్లగురుగులన్నీ తీసేయి బాపూ, అక్కడ ఫొటోలు పెట్టుకుందాం" అన్నావు కదా ఫోన్‌లో. తీశాను, పారేయలేదు. పాత దుప్పటి మీద వరసగా పేర్చి లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి.

ఎక్కువ అయినవోలు జాతరలో కొన్న మట్టివే. మల్లన్న దర్శనం కాగానే పిల్లలంతా బొమ్మల దగ్గరికి ఉరికితే నువ్వు కుండల దగ్గర ఆగేదానివి. మామిడికాయ, ఏనుగు, ముక్కు విరిగిన చిలుక. మీ మామ నిర్మల్ నుంచి తెచ్చిన కొయ్యది ఇంకా మెరుస్తోంది. నాయనమ్మ గురిగి ఊపితే రెండే మోగుతాయి, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు హాలి సిక్కాలు. చెల్లకుండా పోయినా ఆమెకు అమ్మబుద్ధి కాలేదు.

ఇక ఆ పెద్ద ఎర్ర గురిగి. మేకుతో నీ పేరు గీకింది. 2009 సంక్రాంతికి నిండిందని గాటును కొవ్వొత్తి మైనంతో మూశావు. ఈ పండుగకు పగలగొడతానంటున్నావు కాబట్టి ముందే చెప్పాలి. అందులోంచి నేను పైసలు తీశాను.

2010 ఎండాకాలం. ఎనుమాముల మార్కెట్లో నేను గుమస్తాగా ఉన్న అడ్తి దుకాణంలో మూడు నెలలు జీతం రాలేదు. రాత్రి నువ్వు పడుకున్నాక మైనం గీకి, గురిగిని తలకిందులుగా పట్టుకుని, గాటులోకి రెండు చీపురు పుల్లలు పక్కపక్కనే దూర్చేవాణ్ణి. మెల్లగా ఊపితే బిళ్ల పుల్లల మీద పడుకుని జారుతుంది. నువ్వు నిద్రలో కదిలితే నా చెయ్యి ఆగిపోయేది. ఖడ్గమృగం బొమ్మ చారాణలు, అదే పావలా బిళ్లలు, వస్తే మళ్లీ లోపలే వేసేవాణ్ణి, వాటిని అప్పటికే కొట్లో తీసుకునేవారు కాదు. మొత్తం మూడు వందల నలభై రూపాయలు. పాలకు కొంత పోయింది. మిగతా వాటితో నీకు నోటు పుస్తకాలు కొన్నాను, నీ పైసలతో నీకే!

మరుసటేడు చారాణలు రద్దయ్యాయి. 2011 జూన్ 29 దాకా బ్యాంకులో మార్చుకోవచ్చని పేపర్లో చదివాను. కానీ గురిగి పగలగొడితే నా సంగతి బయటపడుతుంది. పుల్లలతో తీయొచ్చు కదా అంటావు. ఆ గురిగిని మళ్లీ తలకిందులు చేయడానికి మనసొప్పలేదు. అలా నీ చారాణలన్నీ నా భయానికి చెల్లకుండా పోయాయి. ఆఠాణలు, అంటే యాభై పైసల బిళ్లలు, ఇప్పటికీ చెల్లుతాయి, మన కిరాణా కొట్టాయన ఒప్పుకోడు గానీ.

2012 దసరాకు చేతిలో పైసలు ఆడాయి. బ్యాంకులో చిల్లర తెచ్చి, మూడు వందల నలభై ఒకటి వేసి మళ్లీ మైనం పెట్టాను. దొంగతనం దాగిందనుకున్నాను. ఇవాళ టార్చి వేసి గాటులోంచి చూస్తే ఒక బిళ్ల మీద కొత్త రూపాయి గుర్తు కనిపించింది. ఆ గుర్తు నాణేల మీదికి వచ్చిందే 2011లో. 2009లో మూసిన గురిగిలోకి అదెలా వచ్చిందని నువ్వు అడగకుండా ఉండవు.

గురిగిని అటక మీద పాత చీరలో చుట్టి పెట్టాను. మీ అమ్మకు ఇదంతా తెలియదు. ఈ ఉత్తరం బ్యాగులోనే పెట్టుకో, ఇంటికి తేకు.

మీ బాపు