జపాన్ తోడేలు లేనట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

జపాన్ తోడేలు అంతరించిందని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నాకది మింగుడుపడదు. 1905 జనవరిలో నారా ప్రాంతంలోని హిగాషి యోషినోలో వేటగాళ్ళ దగ్గర అమెరికా జంతు నమూనాల సేకర్త మాల్కమ్ ఆండర్సన్ కొన్న కళేబరమే చివరి రుజువు. దాని చర్మం, పుర్రె లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. చివరి రుజువంటే చివరి జంతువని కాదు కదా! 1996లో జపాన్‌లోనే చిచిబు కొండల్లో తీసిన ఫొటోల్లోనిది తోడేలో, కుక్కో ఇప్పటికీ వాదనే. ఫొటో ఒక్కటే చాలదు, నిజమే. వెంట్రుకలో, మలమో దొరికితే డీఎన్ఏ పరీక్ష చేయొచ్చు.

మన కలివికోడి పిట్ట కూడా లేదనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో, అదీ స్థానికుల చేతికే దొరికింది. చిచిబులోనూ కొండల్లో తిరిగేవాళ్ళ మాట కొట్టిపారేయకుండా, రాత్రి కెమెరాలు పెట్టి ఏళ్ళ తరబడి వెతకాలి.

— ఒక పాఠకుడు, కడప