సైనిక విచారణ కథలకు తెర మీద చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

యుద్ధ చిత్రాలను ఆదరించడంలో మన తెలుగు ప్రేక్షకులు ఎవరికీ తీసిపోరు. జలాంతర్గామి నేపథ్యంతో 2017లో వచ్చిన ‘ఘాజీ’ని, ముంబయి దాడుల్లో ప్రాణాలర్పించిన అధికారి జీవితం ఆధారంగా 2022లో వచ్చిన ‘మేజర్’ని మనం అక్కున చేర్చుకున్నాం. అది సబబే. అయితే సైన్యానికి పోరాటంతో పాటు మరో బరువైన బాధ్యత కూడా ఉంది. తన మనిషే తప్పు చేశాడన్న ఆరోపణ వస్తే తానే విచారించి, తానే తీర్పు చెప్పాలి. ఆ పని చేసే దర్యాప్తు అధికారి గానీ, ముద్దాయి పక్షాన నిలబడే అధికారి గానీ, కోర్టు మార్షల్‌లో, అంటే సైనిక న్యాయస్థానంలో, కూర్చునే సభ్యులు గానీ మన తెర మీద కనిపించడం చాలా అరుదు. అలాంటి కథలకు రక్షణ మంత్రిత్వ శాఖ అనుమతుల విధానం అడ్డు కాకూడదని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

సైన్యం ఇతివృత్తంగా తీసే సినిమాలు, డాక్యుమెంటరీలు, వెబ్ సిరీస్‌లు ప్రసారం చేసే ముందు తమ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకునేలా నిర్మాతలకు చెప్పాలని 2020 జూలైలో ఆ శాఖ సెన్సార్ బోర్డుకు రాసింది. యూనిఫారాన్ని చిన్నబుచ్చి, జవాన్ల మనసు నొప్పించే దృశ్యాలు చూసినప్పుడు కలిగే బాధను నేను కాదనను. చిత్రీకరణకు సైన్యం స్థలాలు, వాహనాలు, సిబ్బంది కావాలని అడిగిన నిర్మాతకు సైన్యం షరతులు పెట్టడంలోనూ తప్పులేదు. కానీ ఒక అధికారి మీద జరిగిన విచారణను కథగా తీసుకుని, సొంత డబ్బుతో సెట్టు వేసుకుని తీసేవాడు కూడా ఆ సంస్థ అనుమతి కోసమే ఎదురుచూడాలంటే, అటువంటి కథ మీద పెట్టుబడి పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు?

ఇక్కడ ఫ్రాన్స్ అనుభవం ఒకటి గుర్తుచేయాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 మార్చిలో, సువాన్ గ్రామం దగ్గర దాడికి ఆదేశించినా ఫ్రెంచ్ సైన్యంలోని ఒక దళం సైనికులు కందకాల నుంచి బయటికి రాలేదు. ముందు జరిగిన దాడుల్లో చనిపోయిన తోటివారి శవాలు ఎదుటే పడి ఉన్నాయి, జర్మన్ల ముళ్లకంచెలు చెక్కుచెదరలేదు. వారిని కదిలించడానికి సొంత కందకాల మీదే ఫిరంగులు పేల్చమని జనరల్ ఆదేశిస్తే, రాతపూర్వకమైన ఉత్తర్వు లేనిదే ఆ పని చేయనని ఫిరంగి దళాధికారి తిరస్కరించాడు. చివరికి మిగతావారికి గుణపాఠంగా కార్పొరల్ అనే చిన్న హోదాలో ఉన్న నలుగురిని హడావుడి విచారణతో కాల్చి చంపారు. వారిలో తెయోఫిల్ మోపా అనే ఉపాధ్యాయుడి భార్య బ్లాంష్, తానూ ఉపాధ్యాయురాలే, దాదాపు ఇరవై ఏళ్లు పోరాడి 1934లో ఆ నలుగురినీ నిర్దోషులుగా ప్రకటింపజేసింది. ఈ ఉదంతమే ప్రేరణగా వచ్చిన ‘పాత్స్ ఆఫ్ గ్లోరీ’ అనే సినిమా 1957లో విడుదలైంది. అందులో సైనికుల తరఫున వాదించే కల్నల్, అభియోగపత్రం చదవలేదని, విచారణను నమోదు చేసేవారే లేరని అభ్యంతరం చెప్పే ఘట్టం ఉంది. జరిగింది అన్యాయమని ఫ్రాన్స్ న్యాయస్థానమే అప్పటికి ఇరవై మూడేళ్ల కిందట తేల్చింది. అయినా ఆ సినిమా 1975 దాకా ఆ దేశంలో ప్రదర్శనకు నోచుకోలేదు. తీర్పును ఒప్పుకున్న దేశం కథను ఒప్పుకోవడానికి మరో నలభై ఏళ్లు పట్టిందంటే, అనుమతుల పేరుతో మనమూ అదే దారి పట్టకుండా జాగ్రత్తపడాలి కదా.

నిజానికి మన సైనిక న్యాయ విధానంలో దాచుకోవలసిందేమీ లేదు, గర్వంగా చూపించుకోదగినవే ఎన్నో ఉన్నాయి. 1950 నాటి సైనిక చట్టం ప్రకారం జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసం ఐదుగురు అధికారులు ఉండాలి. న్యాయ సలహాకు జడ్జ్ అడ్వకేట్ ఉంటారు. తీర్పు వేళ అభిప్రాయం చెప్పవలసింది ముందుగా అందరికన్నా చిన్న హోదా గల అధికారి, అందరికన్నా చివర పెద్దవాడు. పై అధికారి మాట వింటే కింది అధికారి నోరు మెదపలేడన్న ఎరుక ఆ నియమంలో ఉంది. ఓట్లు సమానమైతే ఫలితం ముద్దాయికే అనుకూలం. జనరల్ కోర్టు మార్షల్‌లో మరణశిక్షకు మూడింట రెండు వంతుల సభ్యులు ఒప్పుకోవాలి. తలుపులు మూసిన గదిలో ఒక యువ కెప్టెన్, తన భవిష్యత్తును శాసించగల బ్రిగేడియర్ కళ్లెదుట మొట్టమొదట నోరు విప్పవలసిన ఆ క్షణం ఏ పోరాట దృశ్యానికీ తీసిపోదని నా నమ్మకం.

మన చరిత్రలోనూ కథలకు కొదవ లేదు. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గుర్బక్ష్ సింగ్ ధిల్లాన్‌లపై జరిగింది కోర్టు మార్షలే. వారి తరఫున న్యాయవాది భూలాభాయ్ దేశాయ్ అక్కడ చేసిన వాదన ఈనాటికీ చదవదగింది. దానిని హిందీలో 2017లో ‘రాగ్ దేశ్’గా తీశారు. ఇటీవలి ఉదంతం కావాలంటే, 2010లో కశ్మీర్‌లోని మాఛిల్‌లో ముగ్గురు యువకులను చంపిన కేసు ఉంది. సైన్యమే తన వారిని విచారించి 2014లో యావజ్జీవ శిక్ష విధించగా, 2017లో సైనికుల అప్పీళ్లు వినే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ శిక్షలను నిలిపివేసింది. ఈ రెండు నిర్ణయాల్లో ఏది సరైనదన్నది నేను తేల్చగలిగింది కాదు. ఆ ప్రశ్నను ప్రేక్షకుల ముందు నిజాయితీగా పెట్టగల దర్శకుడు ఉంటే, ఆయనను ఆపకూడదన్నదే నా వాదన.

కాబట్టి రక్షణ శాఖ తన పరిశీలనను దేశ రహస్యాలకు, వాస్తవ దోషాలకు మాత్రమే పరిమితం చేసి, నిర్ణయానికి గడువు పెట్టి, కాదన్నప్పుడు కారణాలను రాతలో తెలపాలి. మన నిర్మాతలు కూడా ఇలాంటి కథ చేపట్టినప్పుడు పదవీ విరమణ చేసిన సైనిక న్యాయాధికారులను సంప్రదించాలని, కోర్టు మార్షల్‌ను మామూలు సినిమా కోర్టులా అరుపులతో నింపవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం