వీసా పేజీలో కనిపించని 1965

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికా అనగానే మన పత్రికల్లో వచ్చేవి హెచ్‌1బీ లాటరీ, గ్రీన్‌కార్డు క్యూ, ఫీజుల పెంపు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చినప్పుడు రోజుల తరబడి అదే చర్చ. అది తప్పని అనను. వీధికొకరు చొప్పున పిల్లలు అక్కడున్న ఊళ్లు మనవి. కానీ ఆ దేశం మనవాళ్లను ఎప్పటి నుంచి రానిస్తోందో, ఎవరు కొట్లాడితే రానిచ్చిందో చెప్పే నాలుగు వాక్యాలు ఎక్కడా కనపడవు. మన పిల్లలు తెలివైనవాళ్లు, కష్టపడ్డారు, పైకొచ్చారు అన్నదొక్కటే చెప్పుకుంటున్నాం. అది సగం కథే. మిగతా సగం అలబామా రాష్ట్రంలోని సెల్మా అనే చిన్న ఊళ్లో నడిచింది.

తెలివితేటలే చాలనుకుంటే యల్లాప్రగడ సుబ్బారావు గారిని మించినవారెవరు? భీమవరంలో పుట్టిన ఆయన 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని. ఆ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి పనిచేసినవాడు. అప్పటికే పౌరులైన భారతీయుల దగ్గర్నుంచి కూడా పౌరసత్వం వెనక్కి తీసుకున్నారు. క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, యాంటీబయోటిక్ ఆరియోమైసిన్ వంటి వాటి పరిశోధనను లెడర్లీ ప్రయోగశాలలో ముందుండి నడిపించిన సుబ్బారావు గారికి 1946లో చట్టం మారేదాకా పౌరసత్వం అడిగే హక్కే లేదు. 1948లో పోయేనాటికీ ఆయన అమెరికా పౌరుడు కాదు. మారిన ఆ చట్టమైనా ఏం ఇచ్చింది? మన దేశం మొత్తానికి ఏడాదికి వంద మంది కోటా! ఆగస్టు నెలలో ఒక రాత్రి శంషాబాద్ విమానాశ్రయంలో నిలబడితే అంతమంది విద్యార్థులు కళ్లముందే కనిపిస్తారు.

ఇప్పుడు సెల్మా సంగతి. 1965 నాటికి ఆ ఊరున్న డల్లాస్ కౌంటీలో ఓటు వయసున్నవారిలో సగం మంది నల్లజాతివారు. వారిలో ఓటర్ల జాబితాలోకి ఎక్కినవారు వందకు ఇద్దరు. పేరు నమోదు చేసే ఆఫీసు నెలకు రెండు రోజులే తెరిచేవారు. వెళ్లినవారికి రాజ్యాంగం మీద పరీక్ష పెట్టేవారు. పాసా ఫెయిలా అన్నది గుమాస్తా ఇష్టం. ఫిబ్రవరిలో పక్క కౌంటీ మారియన్‌లో ఊరేగింపు మీద పోలీసులు విరుచుకుపడ్డప్పుడు తల్లికీ తాతకీ అడ్డం వెళ్లిన జిమ్మీ లీ జాక్సన్‌ అనే యువకుణ్ణి కాల్చారు. ఎనిమిది రోజులకు ఆస్పత్రిలో ప్రాణం పోయింది.

మార్చి 7న ఆదివారం ఆరువందల మంది దాకా సెల్మా నుంచి రాజధాని మాంట్‌గోమరీకి నడక మొదలుపెట్టారు. ముందు వరుసలో పాతికేళ్ల ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్. ఎలాగూ జైల్లో పెడతారని వీపు సంచిలో రెండు పుస్తకాలు, ఒక యాపిల్, ఒక నారింజ, పళ్లు తోముకునే బ్రష్షు సర్దుకున్నాడు. ఎడ్మండ్ పెటస్ వంతెన దిగగానే లాఠీలు, బాష్పవాయువు, గుర్రాలు. లూయిస్ పుర్రె చిట్లింది. ఆ దృశ్యాన్ని ఆ రాత్రి టీవీలో దేశమంతా చూసింది. ఎనిమిదో రోజున అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కాంగ్రెస్ ముందు నిలబడి ఓటు హక్కు చట్టం కావాలన్నారు. ఆగస్టు 6న సంతకం పెట్టారు. ఓటు కోసం ప్రాణాలు పోయిన ఆ రోజుల్ని నేను క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు నిశ్శబ్దమైపోయేవారు. మన దేశంలో 1950లోనే రాజ్యాంగం అందరికీ ఇచ్చిన హక్కు అక్కడ అంత ఆలస్యంగా దక్కిందంటే నమ్మలేకపోయేవారు.

ఆ చట్టం వచ్చిన రెండు నెలలకు, అక్టోబరు 3న, అదే జాన్సన్ స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కూర్చుని కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. రెండూ కాకతాళీయంగా వచ్చినవి కావు. ప్రతినిధుల సభలో న్యాయవ్యవహారాల కమిటీ అధ్యక్షుడు ఇమాన్యుయెల్ సెల్లర్. 1964 పౌరహక్కుల చట్టమూ, ఓటు హక్కు చట్టమూ, వలస చట్టమూ ఆ కమిటీ చేతుల మీదుగానే వచ్చాయి. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు కట్టిన 1924 చట్టాన్ని కొత్త సభ్యుడిగా ఎదిరించి ఓడిపోయిన మనిషి, దాన్ని పడగొట్టడానికి నలభై ఒక్క ఏళ్లు ఆగాడు. దేశంలోపల రంగు చూసి మనిషిని తక్కువ చేయకూడదని ఒప్పుకున్నాక, సరిహద్దు దగ్గర మాత్రం జాతిని చూసి ఆపడాన్ని ఎలా సమర్థించుకోగలరు? నల్లజాతివారి పోరాటమే ఆ వాదనకు బలమిచ్చింది.

వందకే పరిమితమైన మన దేశపు వాటా ఆ చట్టంతో ఏడాదికి 20 వేల దాకా వెళ్లే వీలు కలిగింది. ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదని జాన్సన్ ఆ రోజు అన్నారు. ఆయన అంచనా పూర్తిగా తప్పింది. 1960లో అమెరికాలో ఉన్న భారత సంతతి వలసదారులు దాదాపు 12 వేలు. ఇప్పుడు లక్షల్లో. 1965లోనే వచ్చిన మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) వల్ల ఆస్పత్రులకు డాక్టర్లు చాలక, గుంటూరు, విశాఖ, కాకినాడ, ఉస్మానియా కాలేజీల్లో చదివినవాళ్లు అక్కడికి చేరారు. తర్వాత వెళ్లిన ఇంజనీర్లకు దారి చూపింది వాళ్లే. ఆ చట్టం అందరికీ మేలు చేసిందని కూడా అనలేం. మెక్సికో వైపు నుంచి వచ్చేవారికి మొదటిసారి పరిమితి పెట్టింది, దాని బాధ ఇప్పటికీ తీరలేదు.

ఇది పాత చరిత్ర, ఇప్పుడెందుకని అడిగేవారికి జవాబు 2025 జనవరి 20న దొరికింది. తాత్కాలిక వీసా మీద ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకపోతే పౌరసత్వం ఉండదని అధ్యక్షుడు ట్రంప్ ఆదేశమిచ్చారు. నెలలు నిండకముందే కాన్పు చేయించుకోవచ్చా అని డాక్టర్లను అడిగిన భారతీయ దంపతుల గురించి వార్తలు చదివాం. మా బంధువుల్లోనే ఒకావిడ టెక్సాస్‌లోని డల్లాస్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసి, “పాపకి పాస్‌పోర్టు వస్తుందా అమ్మా?” అని పూటకోసారి అడిగేది. మూడు రోజులకే సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆ ఆదేశాన్ని ఆపారు. తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తల్లిని ఆ రోజు కాపాడిందేమిటి? 1868 నాటి 14వ సవరణ. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారిని పౌరులుగా గుర్తించడానికి తెచ్చిన సవరణ అది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన చైనా సంతతి వంటవాడు వాంగ్ కిమ్ ఆర్క్ 1898లో సుప్రీంకోర్టులో గెలిచి, వలస వచ్చినవారి బిడ్డలకూ అది వర్తిస్తుందని తేల్చాడు.

నల్లజాతివారి పోరాట ఫలం తింటూ, మన ఇళ్లల్లో “నల్లవాళ్లుండే ఏరియాలో ఇల్లు తీసుకోకు” అని పిల్లలకు ఫోన్లో జాగ్రత్తలు చెబుతున్నాం. పెళ్లిళ్లలో, కిట్టీ పార్టీల్లో ఈ మాట విన్నప్పుడల్లా నాకు చాలా బాధ కలుగుతుంది.

సెల్మాలో సాధించిన చట్టం కూడా ఇప్పుడు మునుపటిలా లేదు. జాతి వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలన్నది దానికి ఆయువుపట్టు. ఏ రాష్ట్రాలకు వర్తిస్తుందో చెప్పే సూత్రాన్ని 2013 జూన్ 25న సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టేయడంతో ఆ ముందస్తు అనుమతి నిబంధన నిలిచిపోయింది. వానలో తడవడం లేదు కదా అని గొడుగు పారేసినట్టుందని జస్టిస్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో రాశారు. కొద్ది గంటల్లోనే, అంతకుముందు అనుమతి దక్కని ఓటరు గుర్తింపు చట్టాన్ని అమలు చేస్తామని టెక్సాస్ ప్రకటించింది. అదే ఏడాది నార్త్ కరోలినా తెచ్చిన చట్టం నల్లజాతి ఓటర్లను ఏరి మరీ దెబ్బతీసిందని 2016లో అప్పీలు కోర్టు తప్పుపట్టి రద్దు చేసింది.

టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా. ఈ మూడు పేర్లు మన పాఠకులకు కొత్తవి కావు. ఫ్రిస్కో, ఆల్ఫరెటా, కేరీలలో తెలుగు కుటుంబాలు దండిగా ఉన్నాయి, పౌరసత్వం తీసుకుని ఓటేసేవారూ పెరుగుతున్నారు. మీ పత్రిక ఇంటర్నెట్ ఎడిషన్‌ను వాళ్లు రోజూ చదువుతారు. అమెరికా ఎన్నికలు వచ్చినప్పుడు ఏ అభ్యర్థి గెలిస్తే మన వీసాలకు మంచిదన్న విశ్లేషణతో సరిపెట్టకుండా, ఆ రాష్ట్రాల్లో 2013 తర్వాత ఓటు నమోదు నిబంధనలు ఎలా మారాయో, ఎవరి పేర్లు గల్లంతవుతున్నాయో మీ అక్కడి విలేకరులతో రాయించండి. ఆగస్టు 6న సెల్మా మీద ఒక పేజీ కేటాయించండి. అక్కడి తెలుగు సంఘాల సభల్లో సినిమా తారలతో పాటు పౌరహక్కుల ఉద్యమంలో నడిచిన పెద్దవాళ్లను కూడా వేదికెక్కించమని మీ సంపాదకీయంలో అడగండి. ఆ తరం వాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తెనాలి