మంత్రి గారూ, మా అంగన్‌వాడీ ఆటసామాన్లు బుడమేరులోనే వదిలేశారా?

గౌరవనీయులైన మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్ నుంచి రాస్తున్నాను. నాలుగున్నరేళ్ల పాప తల్లిని. జిరాక్స్ షాపులో పని చేస్తాను. మా వీధిలో పదిమందికీ అర్జీలు టైపు చేసిపెట్టేది నేనే కాబట్టి అర్జీ ఎలా రాయాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. విషయము, సూచిక, 'తమరికి విన్నవించుకొనునది ఏమనగా' అన్నీ పెట్టి రాసిన కాగితాలు కింది నుంచి పై దాకా ఇచ్చాం. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో క్యూలో నిలబడి రశీదు కూడా తీసుకున్నాం. ఇక నలుగురూ చదివేలా రాస్తే తప్ప కదలదనిపించి ఇలా రాస్తున్నాను.

సంగతి చిన్నదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు అంగన్‌వాడీలో పిల్లల ఆటసామాన్లన్నీ పోయాయి. కొత్తవి ఇస్తామన్నారు. ఇవ్వలేదు.

ఇంతోటి దానికి మంత్రి గారికి ఉత్తరమా అని మీ పేషీలో ఎవరైనా నవ్వితే నవ్వుకోనివ్వండి. పెద్ద విషయాలకి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. దీనికి నేను తప్ప ఎవరూ రాసేలా లేరు.

నీళ్లు తీశాక గది తలుపు తెరిచినప్పుడు టీచర్ గారితో, ఆయాతో పాటు మేం కొందరం తల్లులం కూడా ఉన్నాం. చెక్క దిమ్మెలు నాని, ఉబ్బి, ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుని ఉన్నాయి. పజిల్స్ ప్లైవుడ్డు పొరలు పొరలుగా లేచిపోయింది. ఫ్లాష్‌కార్డులు కట్టలకి కట్టలు అతుక్కుని ఇటుకల్లా గట్టిపడ్డాయి. పూసలు మాత్రం పాడవలేదు గానీ, డ్రైనేజీ కలిసిన బురదలోంచి ఏరి పిల్లల చేతికి ఎలా ఇస్తాం? చేతికి తొడుక్కుని కథ చెప్పే గుడ్డబొమ్మలు రెండు ఉండేవి, కుందేలు, సింహం. వాటిని ఆయా ఉతికి ఆరేసింది. వాసన పోలేదు. చివరికి అన్నీ గోతాల్లో కుక్కి కార్పొరేషన్ ట్రాక్టరు ఎక్కించాం.

తరవాత నష్టం రాసుకోవడానికి వచ్చారు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఇళ్ల సంగతిలో ప్రభుత్వం మమ్మల్ని ఆదుకుంది. కింది అంతస్తుకి 25,000, పైవాళ్లకి 10,000 అన్నారు, మా ఖాతాలో పడ్డాయి కూడా. అంగన్‌వాడీకి వచ్చిన సారు బియ్యం రాసుకున్నారు, పప్పు రాసుకున్నారు, తూకం మిషను రాసుకున్నారు. ఆటవస్తువులు అని ఒక లైను మా టీచర్ గారే అడిగి మరీ రాయించారు. "కొత్త కిట్ వచ్చేస్తుందమ్మా, మీరేం టెన్షన్ పడకండి" అన్నారాయన. మేం పడలేదు. బియ్యం వచ్చాయి, పప్పు వచ్చింది, మిషను వచ్చింది. ఏడాది దాటింది, ఆ ఒక్క లైను మాత్రం రాలేదు.

గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీకి జవాబు వచ్చిందండోయ్, రాలేదనకూడదు. ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఎలా పరిష్కరించబడినదో చూద్దామని వివరాలు తెరిస్తే, 'కేంద్రమునందు అందుబాటులో ఉన్న సామగ్రితో పూర్వ ప్రాథమిక విద్యా కార్యక్రమములు నిర్వహించబడుచున్నవి' అని ఉంది. అందుబాటులో ఉన్న సామగ్రి అంటే ఒక చాప, ఒక బోర్డు, గోడ మీద వేయించిన బొమ్మలు. ఆపిల్, ఏనుగు, రైలు. పెయింటరు బాగానే వేశాడు. కానీ గోడ మీద ఉన్న ఆపిల్‌ని నాలుగేళ్ల పిల్ల ఏం చేసుకుంటుంది? పట్టుకోలేదు, దొర్లించలేదు, పక్కవాడి దగ్గర లాక్కోలేదు.

పొద్దున తొమ్మిదికి వెళ్తారు, నాలుగుకి వస్తారు. మధ్యలో పాలు, అన్నం, గుడ్డు, నిద్ర. వీటికి లోటు లేదు. మిగిలిన టైములో చేతులు కట్టుకుని కూర్చుని, 'చిట్టి చిలకమ్మా' దగ్గర మొదలుపెట్టి వన్ టూ త్రీ దాకా అరిచి అరిచి చెబుతారు. మా పాప ఇరవై దాకా గడగడా చెబుతుంది. నాలుగు ఉల్లిపాయలు తెమ్మంటే మాత్రం గుప్పిట్లో పట్టినన్ని తెస్తుంది. అంకెలు నోటికి వచ్చాయి, చేతికి రాలేదు. దిమ్మె మీద దిమ్మె పెట్టి, కూలిపోతే మళ్లీ పెట్టి, ఎర్రవి ఒక పక్కకి, పచ్చవి ఒక పక్కకి తీసి లెక్కపెడితే వచ్చేది అది. పూసలు దారానికి గుచ్చే వేళ్లే రేపు పెన్సిల్ పట్టుకునేది. ఇదంతా మీకు తెలియనిది కాదు. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాసుకున్నది ప్రభుత్వమే కదా. మా పాపకి ఆ ఆరులో మిగిలింది ఏడాదిన్నర. మీ ఫైలుకి ఎంత మిగిలిందో తెలియదు.

ఈ మాట ఎక్కడ ఎత్తినా ఒకటే సమాధానం. "కిట్ కోసం ఎందుకమ్మా చూడటం, చుట్టుపక్కల దొరికే వాటితో చేయించవచ్చుగా." చేయించవచ్చు. మా టీచర్ గారు చేయించారు కూడా. సోడా బడ్డీ దగ్గర మూతలు అడిగి తెచ్చి, సర్ఫ్ నీళ్లలో ఉడకబెట్టి, రంగుల వారీగా ఏరించారు. ఇంటింటికీ చెప్పి చింతపిక్కలు తెప్పించారు. ఆయా ఒకరోజు బియ్యప్పిండి ముద్ద చేసి తలా కాస్త ఇచ్చింది. మా పక్కింటి పాప ఒకతె ఉంది, మూడు దాటినా ఇంట్లోనే సరిగా మాట్లాడదు, అక్కడ అసలే మాట్లాడదు. ఆ ముద్దని అరచేతుల మధ్య పెట్టి రుద్దుతూ రుద్దుతూ పొడుగ్గా చేసి, నేల మీద వేసి "పాము" అంది. పక్క పిల్లలు కెవ్వుమని అరిచారు. అంతే, ఇంకా గట్టిగా "పాము, పాము" అంటూ వాళ్ల వెంట పడింది. నేను ఆ రోజు ఏదో పని మీద వెళ్లి గుమ్మంలో ఉన్నాను, నా కళ్లతో చూశాను.

మరి ఆపేశారెందుకంటారా? తనిఖీకి వచ్చినావిడ చింతపిక్కలు చూసి, పిల్లలు ముక్కులో పెట్టుకుంటే ఎవరిది బాధ్యత అని అడిగారు. సబబైన ప్రశ్నే, తల్లిగా నేనూ ఒప్పుకుంటాను. అందుకేనమ్మా పెద్ద పూసలున్న కిట్ అడుగుతున్నాం అని టీచర్ గారు అంటే, చుట్టుపక్కల దొరికే వాటితో చేయించవచ్చుగా అన్నారు. మూతల డబ్బా బీరువా మీదకి వెళ్లింది. బియ్యప్పిండి మళ్లీ ఎవరు తెస్తారు? స్టాకు రిజిస్టరులో ప్రతి కిలోకీ లెక్క చెప్పాలి. రంగు కాగితాలు, గమ్ము, స్కెచ్ పెన్నులు ఆవిడ తన 11,500 జీతంలోంచే కొంటున్నారు. ఆ జీతం పెంచమని 2023 డిసెంబరు నుంచి 42 రోజులు అంగన్‌వాడీలు రోడ్డున కూర్చుంటే, సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టిన రాష్ట్రం మనది. అది వేరే ప్రభుత్వం అంటారు. సరే, అది వేరే ప్రభుత్వమే. ఇప్పుడున్నది మీది కదా, గమ్ము డబ్బా అయినా ఇవ్వండి.

పోనీ ఉన్నదాంతో ఏదో ఆడిద్దామన్నా ఆవిడకి తీరికేదీ? ఫోనులో పోషణ్ ట్రాకర్ యాప్ ఒకటి, బాల సంజీవని యాప్ ఒకటి. ఇప్పుడు ముఖం చూపిస్తే గానీ సరుకులు లేవు. బాలింతలు ఫోను ముందు నిలబడి కళ్లు ఆర్పుతూ ఉంటారు, యాప్ తిరుగుతూ ఉంటుంది. ఆధార్ ఓటీపీ వెళ్లేది ఎవరికి? ఆటోనగర్‌లో బండి కింద పడుకుని బోల్టు బిగించే భర్తకి. ఆయన చేతులు తుడుచుకుని ఫోనెత్తి నంబరు చెప్పేలోపు టైము అయిపోతుంది. మళ్లీ మొదలు. ఈ తంతు నడిచినంతసేపూ చాప మీద పిల్లలు కూర్చోవాలి. ఎవరైనా లేస్తే ఆయా వంటగదిలోంచి "కూర్చో నాన్నా, కూర్చో" అని కేకేస్తుంది. దొంగ పేర్లు పోవాలంటే ఇవన్నీ ఉండాలని చెబుతారు, ఉండనివ్వండి. ఒక గంటలో ఒకే మనిషి రెండు పనులు ఎలా చేస్తుందో కూడా ఆ యాప్‌లోనే ఎక్కడైనా పెట్టి ఉంటే చూపించండి.

'పోషణ్ భీ పఢాయీ భీ', అంటే పోషణతో పాటు చదువు కూడా అనే శిక్షణకి టీచర్ గారు వెళ్లొచ్చారు. రోజుకి కనీసం రెండు గంటలు పిల్లలకి ఆటపాటల చదువు చెప్పాలట. 'ఆధార్‌శిల' అని 48 వారాల ప్రణాళిక, ఏ వారం ఏ ఆట ఆడించాలో అందులో ఉంది. నేను జిరాక్స్ తీస్తూ కొన్ని పేజీలు చదివాను. మెచ్చుకోవాల్సిందే. ఇసుకలో వేలితో గీయడం, దిమ్మెలతో వంతెన కట్టడం, వాసన చూసి పేరు చెప్పడం. ఎవరో పిల్లల్ని ప్రేమగా చూసినవాళ్లే రాసి ఉంటారు. అంతకుముందు 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలో 'జాదూయీ పిటారా' అని ఒక పెట్టె కూడా విడుదల చేశారు, మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి బొమ్మలు, పజిల్స్, కార్డులు అన్నీ అందులో ఉంటాయని. అంత మాయల పెట్టె సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మాత్రం దాటలేకపోయింది. ఇక సక్షమ్ అని ఎంపిక చేసి మెరుగుపరిచే అంగన్‌వాడీలకి టీవీలు, ఇతర హంగులు వస్తాయట గానీ, అవి సొంత భవనం ఉన్నవాటికే. మాది అద్దె గది. టీవీ రానందుకు నాకు దిగులు లేదులెండి, ఇంట్లో ఫోను చాలు వాళ్లని చెడగొట్టడానికి.

ఊరికి ఇదేదో తెలియని విద్య అయితే అనుకోవచ్చు. 1955లోనే ఈ విజయవాడలో కోటేశ్వరమ్మ గారు మాంటిస్సోరి పేరుతో పిల్లల బడి పెట్టారు, 2017లో ఆవిడకి పద్మశ్రీ కూడా ఇచ్చారు. చేత్తో పట్టుకుని నేర్చుకోవడం అనే మాట ఈ ఊళ్లో మా అమ్మ పుట్టకముందు నుంచీ ఉంది. ఇప్పుడది ఫీజు కట్టగలిగినవాళ్లకి మిగిలింది. బెంజిసర్కిల్ వైపు ప్లేస్కూళ్లలో ఇసుక తొట్టి ఉంటుంది, నీళ్లు ఒంపుకునే మగ్గులు ఉంటాయి. మా వైపు చిన్న ప్రైవేటు బడుల్లో అదీ లేదు, మూడేళ్లకే నాలుగు గీతల కాపీ ఇచ్చి ఏబీసీడీలు దిద్దిస్తారు. చాలామంది తల్లులు అప్పు చేసి ఆ బడికే పంపుతున్నారు, అక్కడ కనీసం ఏదో రాసిన కాగితం ఇంటికొస్తుందని. అంగన్‌వాడీలో సంఖ్య తగ్గుతోందని మళ్లీ మీవాళ్లే మా టీచర్ గారిని నిలదీస్తున్నారు.

ఇంకో మాట. ఇక్కడికి కూతవేటు దూరంలో కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి అతికించి బొమ్మ చేసేవాళ్లు అక్కడ ఉన్నారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కతో, మొక్కల రంగులతో చేస్తారు. ఆ బొమ్మల గురించి 2020 ఆగస్టులో ప్రధాన మంత్రి గారు మన్ కీ బాత్‌లో చెప్పారు. మీ సభల్లో వేదిక మీద పెద్దలకి శాలువా కప్పి కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ చేతిలో పెడతారు. దాంతో వాళ్లెవరూ ఆడుకోరు కదండీ. అద్దాల బీరువాలో పెడతారు. అదే కళాకారుల చేత నున్నటి దిమ్మెలు, గుచ్చుకునే పెద్ద పూసలు, తాడు కట్టి లాగే బండ్లు చేయించి అంగన్‌వాడీలకి పంపితే వాళ్లకి పని, వీళ్లకి ఆట. ఇది నా తెలివి కాదు, జిరాక్స్ షాపుకి వచ్చిన ఒక ముసలాయన అన్నమాట. మంత్రివర్గంలో ఎవరికీ తట్టకపోతే ఆయన్ని పంపుతాను.

మాకు కావలసింది మా గదికి ఆటసామాన్లు. కొత్తవే కానక్కర్లేదు, ఎక్కడైనా గోడౌనులో మూలుగుతున్నవి ఉన్నా పంపండి. ఆ రెండు గంటలూ టీచర్ గారిని ఫోను జోలికి పోనివ్వకండి, ముఖాలు చూసే పని మధ్యాహ్నానికి మార్చండి. తనిఖీకి వచ్చేవాళ్లు రిజిస్టరు చూసే ముందు ఒక్క పది నిమిషాలు చాప మీద కూర్చోవాలి. మాకు కావలసింది ఆటసామాన్లు, మళ్లీ చెబుతున్నాను, టీవీ కాదు, గోడ బొమ్మ కాదు, మెసేజ్ కాదు. మా ఒక్క గదికేనా అంటారేమో, పాయకాపురంలో, కండ్రికలో, రాజరాజేశ్వరిపేటలో కూడా నీళ్లు నిలిచాయి, అక్కడి గదులు కూడా ఒకసారి తెరిపించి చూడండి. మీరు పెద్దవారు, బోలెడు పనులు ఉంటాయి, కాదనను. దయచేసి ఈ ఒక్కటి చేయించండి. వచ్చే జూన్ దాటితే మా పాప ఆ గదిలో ఎంతో కాలం ఉండదు, తరవాత ఇచ్చినా దానికి అక్కర్లేదు. దాని వెనక వచ్చేవాళ్లకైనా అందాలి.

కిట్ పంపేటప్పుడు గోడకి ఎత్తుగా బిగించే అర కూడా ఒకటి ఇప్పించండి. పోయినసారి సామాన్లన్నీ నేల మీద పెట్టెల్లోనే ఉన్నాయి. వానాకాలం ఏటా వస్తుంది, బుడమేరు కూడా ఎక్కడికీ పోలేదు.

ఇట్లు,
సింగ్‌నగర్ అంగన్‌వాడీ పిల్లల తల్లుల తరఫున
ఒక తల్లి