ఆ పదిహేడు రాత్రులకు కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం అమ్మనూ తమ్ముణ్ణీ కర్నూలు నుంచి డోన్‌లోని మా ఇంటికి తీసుకువచ్చాను. నిద్ర చాలక కళ్లు మండుతున్నాయి, అయినా ఈ మాటలు రేపటికి వాయిదా వేయలేను.

నా తమ్ముడికి 34 ఏళ్లు, పుట్టుకతోనే మేధోవైకల్యం. గత నెల నీళ్ల తొట్టి దగ్గర జారిపడి అమ్మ తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స కోసం ఆమెను కర్నూలులో చేర్చినప్పుడు, ఇన్నేళ్లూ ఆమె చెయ్యి విడవని వాణ్ణి ఎక్కడ ఉంచాలో తెలియలేదు. నేను విచారించిన వసతి గృహాల్లో కొన్ని 18 ఏళ్లు దాటినవారిని చేర్చుకోవు, మరికొన్ని శాశ్వతంగా వదిలి వెళ్తేనే తీసుకుంటామన్నాయి. ఒకచోట చట్టబద్ధ సంరక్షకుల పత్రం అడిగారు. 18 నిండాక కన్నతల్లి కూడా తనంతట తానే సంరక్షకురాలు కాదనీ, 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలనీ నాకు ఆ రోజే తెలిసింది. విరిగిన ఎముక కమిటీ సమావేశం దాకా ఆగుతుందా?

చివరికి ఊరి అంచున ఉన్న ఒక చిన్న గృహంలో చోటు దొరికింది. అందరూ వైకల్యం శాతం ఎంతని అడిగారు. రాత్రి విధుల్లో ఉన్న ఒక పెద్దాయన మాత్రం, "రాత్రిపూట దేనికి భయపడతాడమ్మా?" అని అడిగారు. చీకట్లో ఎవరూ లేరనుకుంటే లేచి తలుపు బాదుతాడని చెప్పాను. నాలుగో రోజు తెల్లవారుజామున వెళ్లి కిటికీలోంచి చూస్తే, ఆయన తువాలు ఒక కొస తమ్ముడి మణికట్టుకు వదులుగా చుట్టి ఉంది, రెండో కొస పక్కన చాప మీద పడుకున్న ఆయన చేతికి ఉంది. తమ్ముడు నిద్రలో కదిలి తువాలు లాగినప్పుడల్లా ఆయన కళ్లు తెరవకుండానే "ఉండాను నాయనా" అంటున్నారు. ఆపరేషన్ గది బయట కూడా రాని ఏడుపు ఆ కిటికీ దగ్గర వచ్చింది.

ఆ ఇంట్లో పద్నాలుగు మందికి రాత్రిపూట ఉన్నది ఆయన ఒక్కరే. సమాజంలో అందరితోపాటు జీవించే హక్కు, ఇంటి వద్దా వసతిలోనూ తోడ్పాటు పొందే వీలు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్‌లోనే ఉన్నాయి. పెద్దవారి సామూహిక నివాసానికి 'ఘరౌందా', తాత్కాలిక సంరక్షణకు 'సమర్థ్' అనే పథకాలూ వచ్చాయి, తర్వాత ఆ రెండింటినీ ఒకటిగా కలిపారు. కానీ పది రోజులు అప్పగించి మళ్లీ ఇంటికి తెచ్చుకోగల చోటు నాకు దగ్గరలో కనబడలేదు. మంచాలు లెక్కపెట్టి అనుమతులిచ్చేవారు రాత్రి మేలుకునే మనుషులను, వారి జీతాన్ని కూడా లెక్కపెడితే బాగుండును.

నా భర్త, పిల్లలు ఇల్లు చూసుకున్నారు, వారికి వేరే చెప్పనక్కరలేదు. రక్తమిచ్చిన ఇద్దరు విద్యార్థులను, నా తరగతులు తీసుకున్న తోటి ఉపాధ్యాయినిని మరిచిపోతున్నాను, క్షమించాలి. అన్నట్టు, రోజూ రెండు పూటలా తిప్పి సగం కిరాయే తీసుకున్న ఆటో అన్నకూ, ఉగ్గాని పొట్లం కట్టి పంపిన ఎదురింటి అక్కకూ నమస్కారాలు.

ఆ తువాలు పొరపాటున మా సంచిలో వచ్చింది. ఉతికి ఆదివారం తెచ్చి ఇస్తాను పెద్దాయనా, తమ్ముడు వదిలితే.