మిచాంగ్ తుపాను తర్వాత క్రిస్మస్: మా సంఘానికి, మా ఊరికి వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పండగ హడావుడి తగ్గాక స్థిమితంగా రాద్దామని ఇన్నాళ్లు ఆగాను.

మాది బాపట్ల పక్క ఊరు. నాన్న కౌలు రైతు. మొన్నటి సార్వాలో, అంటే వానాకాలం పంటకు, బీపీటీ 5204 రకం వరి వేశారు. చేను బాగా పండింది, కోత కూడా అయిపోయింది, కోసిపెట్టిన పనలు మాత్రం ఇంకా చేలోనే ఉన్నాయి. 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు 90-100 కిలోమీటర్ల గాలి, దానికి తోడు ఎడతెగని వాన. ఇల్లు నిలబడింది గానీ పనలు నీళ్లలో తేలాయి. వ్యవసాయం తెలియనివాళ్ల కోసం ఒక మాట. తడిసిన పనను అలాగే వదిలేస్తే గింజ మొలకెత్తుతుంది. మొలకొచ్చిన ధాన్యాన్ని కొనేవాళ్లుండరు. కౌలు బస్తాలు మాత్రం కొలవాల్సిందే.

నేను హైదరాబాదు నుంచి వచ్చేసరికి నాన్న ఎవరితోనూ మాట్లాడట్లేదు. కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి చెయ్యి కడిగేసుకుంటున్నారు. అమ్మకు భయం పట్టుకుంది. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ గోనెసంచిలో వేసి పక్కింటి అత్తకు ఇచ్చి వచ్చింది. ఆమె ఎందుకని ఒక్క మాట అడగలేదు. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. అత్తా, నా మొదటి వందనం నీకే.

ఇవన్నీ నలుగురిలో చెప్పుకోవడం ఏంటి అనేవాళ్లుంటారు. నాన్నను అడిగే రాస్తున్నాను. "రాయమ్మా, మనలాంటి ఇంట్లో ఎవరైనా చదువుతారేమో" అన్నారు.

ఇక మా సంఘం యూత్ పిల్లలు. వాన తెరిపివ్వగానే పారలు పట్టుకుని చేలోకి దిగారు. గట్లు తెగ్గొట్టి నీళ్లు బయటికి పంపారు, పనలు ఎత్తి గట్ల మీద వేశారు. లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి పనల మీద కొడితే మొలక ఆగుతుందని వ్యవసాయ శాఖవాళ్లు ఎప్పుడూ చెప్పేదే. కొట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్లన్నీ వీళ్లే ఖాళీ చేశారు. లోకానికి ఉప్పై ఉండమని చిన్నప్పటి నుంచి ప్రసంగాలు వింటూనే ఉన్నాం, ఇలా స్ప్రేయర్ ట్యాంకులో పోసి కొట్టాల్సి వస్తుందని ఎవరనుకున్నారు!

వాళ్లలో ఒకడు మా ఇంటికొచ్చి, ఏమీ తెలియనట్టు, "మావయ్యా, నాజిల్ మూసుకుపోయింది, మీ దగ్గర ఇంకోటి ఉందా?" అన్నాడు. నాన్న కాసేపు పలకలేదు. తర్వాత లేచి చూరులో చెయ్యి పెట్టి వెతికారు. నాజిల్ దొరికింది. వీడికి బిగించడం రాదని గొణుక్కుంటూ వాడి వెంట పొలానికి వెళ్లారు. అమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చేసింది. ఆ అబ్బాయి నాజిల్ నిజంగా మూసుకుపోయిందో లేదో నేనిప్పటికీ అడగలేదు.

ఏటా మా గుడి ముందు సౌండ్ బాక్సులు, సీరియల్ లైట్లు, పెద్ద కేకు ఉంటాయి. ఈసారి కమిటీవాళ్లు అవన్నీ మానేసి, ఆ డబ్బుతో బరకాలు కొన్నారు, బురదలోనూ నడిచే చైన్ మిషన్‌కు (వరి యంత్రం) డీజిల్ పోయించారు. మా ఒక్కరికే కాదు, తడిసిన చేలన్నిటికీ. ఏడాదికొక్క పండగ కదా అని సణిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను, పిల్లలు ఆ లైట్ల కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. నక్షత్రం ఒక్కటి మాత్రం కట్టారు. ధాన్యం గుడి ఆవరణలోనే ఆరబోశారు. స్త్రీల సమాజం అమ్మలు వంతులేసుకుని కాళ్లతో తిరగేశారు. రాత్రి క్యారల్స్‌కు బయల్దేరేవాళ్లు ధాన్యం తొక్కకుండా గోడవారగా, ఒకరి వెనక ఒకరు నడిచి వెళ్లేవాళ్లు.

సంఘ పెద్ద ఒకాయన ఉన్నారు, నాకు తాత వరస. 1977 నవంబరు 19 ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషి. ఆయన రోజూ రాత్రి దుప్పటి చంకన పెట్టుకుని వచ్చి, నాన్న మంచం పక్కనే మడతమంచం వేసుకుని పడుకునేవారు. ధైర్యం చెప్పేవారు కాదు, వాక్యాలు అప్పజెప్పేవారు కాదు. తెల్లవారుజామున లేచి "టీ పెట్టమ్మా, మీ నాన్నకూ నాకూ" అనేవారు, అంతే. "క్రిస్మస్ పూట ఏడుపేంటి, సంతోషంగా ఉండాలి" అని చెప్పివెళ్లినవాళ్లు చాలామంది. వాళ్లు వెళ్లాక ఇల్లు ఇంకా బరువుగా ఉండేది. తాత ఉంటే అలా ఉండేది కాదు.

మా సంఘంలోనే నర్సుగా చేసే అక్క మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్లతో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇచ్చి, తనే పక్కన కూర్చుని నాన్నతో ఫోన్ చేయించింది. తెలుగులోనే మాట్లాడారు. విశ్వాసులకు ఇలాంటివి ఎందుకని ఒకాయన అన్నారు. జ్వరం వస్తే ప్రార్థనా చేస్తాం, మాత్రా వేసుకుంటాం కదండీ. అక్కా, ఆ మాట పట్టించుకోకుండా నువ్వు ఫోన్ కలిపావు చూడు, ఆ మేలు మరిచిపోలేను.

డిసెంబరు 24 ఆదివారం. పాస్టరు గారు క్రిస్మస్ పాఠాలకు ముందు హబక్కూకు మూడో అధ్యాయం తీశారు. చెట్లు కాయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా నా దేవునిలో ఆనందిస్తానని ప్రవక్త అనే చోటు. తర్వాత మత్తయి రెండో అధ్యాయం. జ్ఞానుల దగ్గర ఆపేయకుండా హేరోదు పిల్లల్ని చంపించిందీ, యోసేపు రాత్రికి రాత్రే బిడ్డనూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు పారిపోయిందీ మొత్తం చదివారు. క్రిస్మస్ కథలోనే ఇంత ఏడుపు ఉందని అంతకుముందు నాకు తట్టలేదు. ప్రభువు వచ్చింది మనలాంటి ఇళ్లకే, అన్నీ సర్దుకున్నాక కాదు, సర్దుకోకముందే వచ్చాడు అన్నారు పాస్టరు గారు. ఇంటికొస్తూ నాన్న, "ఆ హబక్కూకు కూడా కౌలుకు చేసినోడే అయ్యుంటాడు" అన్నారు. తుపాను తర్వాత ఆయన నోట విన్న మొదటి జోకు అది. మర్నాడు తెల్లచొక్కా వేసుకుని అందరికంటే ముందే గుడికి బయల్దేరారు.

సగానికి పైగా ధాన్యం దక్కింది. రంగు మారింది కాబట్టి ధర తగ్గింది. అప్పు అలాగే ఉంది, దాళ్వాకు, అంటే రెండో పంటకు, పెట్టుబడి ఎక్కడి నుంచో ఇంకా తెలియదు. నాన్న మాత్రం రెండు పూటలా తింటున్నారు, రాత్రి నిద్రపోతున్నారు.

పాస్టరు గారికి, అమ్మగారికి, యూత్ తమ్ముళ్లకు, స్త్రీల సమాజానికి, చైన్ మిషన్ బాడుగ సగమే తీసుకున్న అన్నకు, సంఘం కాకపోయినా మా చేలో ఉప్పునీళ్లు మోసిన పక్క చేల రైతులకు పేరుపేరునా మా ఇంటిల్లిపాది వందనాలు. చివరగా ఒక మాట: రెండు నీలం బరకాలు, ఒక స్ప్రేయర్ ట్యాంకు మా వసారాలోనే ఉండిపోయాయి. ఎవరివో చెబితే నాన్న తెచ్చిస్తానంటున్నారు. ట్యాంకు బెల్టు తెగి ఉంటే కొత్తది వేయించారు.